హవాయి చికెన్ లాంగ్ రైస్ ప్రతిసారీ ముద్దగా మారుతోంది, ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

తొలకరి_చినుకు
గత చలికాలంలో నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చినప్పుడు, హవాయిలోని మాయీ ద్వీపానికి చెందిన నా సహోద్యోగిని ఒక పెద్ద గాజు సీసా నిండా వేడి సూప్ తెచ్చి సియాటిల్‌లోని మా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది. మూత తీయగానే ముందు అల్లం వాసన తగిలింది. లోపల పీచులుగా విడదీసిన కోడి మాంసం, సన్నగా తరిగిన ఉల్లికాడలు, వాటి మధ్య ఉన్నాయో లేవో తెలియనంత పారదర్శకమైన నూడుల్స్ కనిపించాయి. దాని పేరు చికెన్ లాంగ్ రైస్ అని ఆమె చెప్పింది. నోటికి ఏదీ సహించని ఆ రోజుల్లో నాకు అదే ఆహారమైంది.

తరువాత ఇంట్లో మూడు సార్లు ప్రయత్నించి మూడు సార్లూ భంగపడ్డాను. పేరులో రైస్ ఉంది కదా అని మొదటిసారి బియ్యపు నూడుల్స్ కొంటే అవి తునిగిపోయి గంజిలా తయారయ్యాయి. రెండోసారి సరైన నూడుల్సే దొరికాయి గానీ, చికెన్‌తో పాటు మొదటి నుంచీ ఉడికించడం వల్ల జిగురు పట్టాయి. మూడోసారి రాత్రి భోజనానికి బాగానే కుదిరిందని సంతోషించి మిగిలినది ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లవారి చూస్తే చుక్క రసం లేదు, గరిటె గుచ్చి ఎత్తితే గిన్నె కూడా దానితో పాటే లేచింది. రుచి కూడా ఆమె చేసినట్టు రావడం లేదు. ఆమెను అడిగితే తన దగ్గర కొలతలేమీ లేవని, అమ్మమ్మ చేసినట్టే చేస్తానని అంటోంది. నేను నూనెలో ఉల్లిపాయలు, అల్లంవెల్లుల్లి ముద్ద వేయించి, అందులో చికెన్ వేసి నీళ్ళు పోస్తున్నాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.

పాతబియ్యం
సేమ్యా పాయసం రాత్రంతా ఉంచితే పాలన్నీ ఏమవుతాయో చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాం కదా, ఇదీ అంతే. మీరు వంట సరిగానే చేశారు, దాచడంలోనే పొరపాటు జరిగింది.

ఓహూ_కోడలు
పదకొండేళ్ళుగా హవాయి రాజధాని హొనొలులులో ఉంటున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పేరులో రైస్ ఉన్నా ఇందులో బియ్యం గింజ కూడా ఉండదు. ఆ నూడుల్స్‌ను పెసల నుంచి తీసిన పిండి పదార్థంతో చేస్తారు. మన పెసరట్టుకు నానబోసే పెసలే అవి, కాకపోతే పప్పులోని మాంసకృత్తులను తీసేసి స్టార్చ్ మాత్రమే ఉంచుతారు. పొట్లం వెనక చదివి, పెసల స్టార్చ్, నీరు తప్ప మరొకటి లేనిదే కొనండి. బఠానీ స్టార్చ్ కలిపినవి చవకగా వస్తాయి గానీ త్వరగా మెత్తబడతాయి.

ఇక మీ వంట పద్ధతి గురించి. ఉల్లిపాయలు, ముద్ద, నూనె ఈ మూడింటినీ వదిలేయండి. ఎముకతో, చర్మంతో ఉన్న తొడ ముక్కలు ఒక కిలో తీసుకుని రెండు లీటర్ల చన్నీళ్ళలో వేయండి. అరచేతిలో సగం ఉండే అల్లం కొమ్మును బిళ్ళలుగా కోసి, రోకలితోనో గిన్నె అడుగుతోనో ఒక్కొక్క దెబ్బ వేసి అందులో వేయండి. నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు, కల్లుప్పు చాలు. నీరు కాగేటప్పుడు పైకి తేలే నురగను తీసేసి, ఆ తరువాత బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి లేచేంత సన్నని సెగ మీద ముప్పావు గంట నుంచి గంట వరకు ఉంచండి. మాంసం తీసి, చల్లారాక చేత్తో పీచులుగా విడదీసి, ఎముకలు మాత్రం రసంలో ఇంకో అరగంట మరగనివ్వండి. అల్లం బిళ్ళలు, ఎముకలు వడకట్టాక అప్పుడు నూడుల్స్ సంగతి చూడాలి.

నూడుల్స్‌ను విడిగా గోరువెచ్చని నీటిలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. అవి దారాల్లా వంగేటట్టు అయ్యాక కత్తెరతో జానెడు ముక్కలుగా కత్తిరించి, తినడానికి పది నిమిషాల ముందు మాత్రమే మరుగుతున్న రసంలో వేయండి. చివర ఉల్లికాడలు చల్లండి.

నాటుకోడి77
మొత్తం చదివాను. మసాలా లేదు, కారం లేదు, తాలింపు లేదు. పురుడు పోసుకున్న వారికి పెట్టే పథ్యం కూడా దీనికంటే ఘాటుగా ఉంటుంది. రుచి రావడం లేదని అడిగిన మనిషికి, ఉన్న ఉల్లిపాయలు కూడా తీసేయమని సలహా ఇస్తే ఎలా?

అల్లంమురబ్బా
నాటుకోడి77 గారూ, ఆమె అడిగింది ఘాటు గురించి కాదు, సహోద్యోగిని తెచ్చిన సీసాలోని రుచి గురించి. ముద్దను నూనెలో వేయిస్తే అల్లం వాసన కూర వాసనగా మారిపోతుంది. పచ్చి అల్లం చితికి నీళ్ళలో మెల్లగా మరిగినప్పుడు వచ్చే వాసన వేరు. మనం జలుబుకు కాచుకునే అల్లం కషాయాన్ని తలుచుకోండి, దాన్ని ఎవరైనా తాలింపు పెట్టి తాగుతారా?

నాటుకోడి77
మా నాయనమ్మ తాగేది. అయినా మీ మాట కొంత ఒప్పుకుంటాను.

వంటింటి_రసాయనం
నూడుల్స్ ముద్ద కావడానికి కారణం స్టార్చ్ స్వభావంలోనే ఉంది. స్టార్చ్‌లో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల గొలుసులు ఉంటాయి. పెసల స్టార్చ్‌లో అమైలోజ్ పాలు ఎక్కువ, దాదాపు మూడో వంతు వరకు ఉంటుంది. వేడికి విడిపోయిన ఈ తిన్నని గొలుసులు చల్లబడగానే మళ్ళీ ఒకదానికొకటి గట్టిగా అతుక్కుంటాయి. నూడుల్స్ తయారీలో చేసేది ఇదే: పిండి ముద్దను సన్నని రంధ్రాల గుండా మరిగే నీటిలోకి వత్తి, వెంటనే చల్లార్చి, గడ్డకట్టించి, ఆపైన ఎండబెడతారు. అందుకే అవి సూప్‌లో ఉడికినా గంజిగా కరగకుండా తీగల్లా నిలబడతాయి. బియ్యపు నూడుల్స్‌కు ఈ బలం అంతగా ఉండదు.

అయితే కరగకపోయినా నీటిని మాత్రం పీలుస్తూనే ఉంటాయి. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంటే రసం లోపలికి వెళ్ళిపోతుంది, చలికి గొలుసులు ఇంకా బిగుసుకుంటాయి, దానికి తోడు ఎముకల నుంచి దిగిన జెలటిన్ కూడా గడ్డకడుతుంది. తొలకరి_చినుకు గారి గిన్నెలో ఈ మూడూ కలిసి జరిగాయి. దానికి కప్పుడు వేడి రసమో నీరో పోసి సన్నని సెగ మీద పెడితే చాలావరకు మళ్ళీ విడిపోతుంది, పారేయాల్సిన పని లేదు.

తొలకరి_చినుకు
పారేశాను. ఈ మాట నెల క్రితం చదివి ఉంటే బాగుండేది.

ఉల్లికాడ
ఎన్ని నూడుల్స్ వేస్తున్నారో ఎవరూ అడగలేదు. మీ కొలత ఎంత?

తొలకరి_చినుకు
పొట్లం మొత్తం వేశాను, దాదాపు 250 గ్రాములు. ఎండుగా ఉన్నప్పుడు గుప్పెడే కనిపించాయి.

ఉల్లికాడ
దొంగ దొరికాడు. రెండు లీటర్లకు వంద గ్రాములు దాటితే అది సూప్‌గా ఉండదు. సగ్గుబియ్యం పాయసంలో కొత్త కోడళ్ళు చేసే పొరపాటే ఇది. గుప్పెడు చూసి ఇంకో గుప్పెడు వేస్తారు.

ఓహూ_కోడలు
ఉల్లికాడ గారి లెక్క సూప్‌కు సరైనదే, కానీ ఇక్కడ ఒక విషయం చెప్పాలి. హవాయిలో విందుల్లో వడ్డించే లాంగ్ రైస్ చాలాసార్లు సూప్‌లా ఉండనే ఉండదు. నూడుల్స్ రసాన్ని దాదాపు పీల్చేసుకుని, తడిగా, జారుడుగా ఉండగా పళ్ళెంలో పక్కన పెడతారు. మొదటిసారి నేను దాన్ని తిన్నది మా పక్కింటి వారి బిడ్డ తొలి పుట్టినరోజు లూఆవులో, అంటే హవాయి విందులో. ఇక్కడ ఏడాది నిండిన పండుగను పెళ్ళంత ఘనంగా చేస్తారు. పెద్ద అల్యూమినియం పళ్ళాల వరుసలో నేలలోపల కాల్చిన కాలువా పంది మాంసం, పోయి అనే చేమదుంప ముద్ద, టమాటా ఉల్లిపాయలు కలిపిన ఉప్పు చేప లోమీ సాల్మన్, వాటి పక్కన లాంగ్ రైస్ ఉన్నాయి. వడ్డిస్తున్న ఆంటీ పట్టకారుతో ఎత్తితే నూడుల్స్ భుజం ఎత్తు వరకు సాగాయే గానీ తెగలేదు. ఆమె విసుగుతో రెండో చేత్తో నడుముకు దోపుకున్న కత్తెర తీసి గాలిలోనే కత్తిరించి నా పళ్ళెంలో వేసింది. ఇక్కడ బంధుత్వం లేకపోయినా పెద్దవాళ్ళందరూ ఆంటీలు, అంకుళ్ళే కాబట్టి ఆ విషయంలో నాకు మన ఊళ్ళోనే ఉన్నట్టుంటుంది.

అందువల్ల తొలకరి_చినుకు గారి గట్టి గిన్నె చూస్తే ఇక్కడి వాళ్ళు కంగారు పడరు. కానీ జ్వరానికి తాగాలంటే పలుచగా ఉండాల్సిందే.

బందరు_లడ్డు
హవాయి నూడుల్స్ సూప్ అంటే సైమిన్ కదా? నేను చదివినంతలో అక్కడ ప్రసిద్ధమైనది అదే. మీరందరూ వేరే దాని గురించి మాట్లాడుతున్నారేమో.

ఓహూ_కోడలు
రెండూ ఇక్కడివే, దారులు వేరు. సైమిన్‌లో గోధుమపిండి, గుడ్డు కలిపిన నూడుల్స్ వాడతారు. రసాన్ని ఎక్కువగా ఎండు రొయ్యలు, చేప, సముద్రపు నాచుతో కాస్తారు. పైన గులాబి అంచు ఉన్న చేప ముద్ద ముక్కలు, తీపి పంది మాంసం పెడతారు. కవాయి ద్వీపంలోని లిహూయేలో హమురా సైమిన్ అనే చిన్న అంగడికి 2006లో జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. అది తినడానికి వెళ్ళే చోటు, లాంగ్ రైస్ ఇంట్లోనూ విందులోనూ వండే వంట.

చరిత్ర_పుట
ఆ దారులు వేరు కావడానికి చెరకు తోటలే కారణం. ఆ తోటల్లో పనికి ఒప్పందం మీద వచ్చిన మొదటి చీనా కూలీలు 1852 జనవరిలో థెటిస్ అనే ఓడలో హొనొలులు చేరారు. జపాన్ నుంచి ప్రభుత్వ ఒప్పందంతో కూలీల రాక 1885లోనూ, ఫిలిప్పీన్స్ నుంచి 1906లోనూ మొదలైంది. పెసర నూడుల్స్, అల్లం చీనావారి వంటింటివి. కోడి మాత్రం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే, పసిఫిక్ ద్వీపవాసులైన పాలినీషియన్ల పడవల్లో ఆ ద్వీపాలకు చేరింది, హవాయి భాషలో దాన్ని మోఆ అంటారు. కాబట్టి చీనావారి నూడుల్స్ వేసిన ఈ వంట ఈనాడు కాలువా పంది, పోయి పక్కన హవాయి భోజనంగా కూర్చోవడం వింతేమీ కాదు. మన మిరపకాయ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరం అడుగుతున్నాం?

నాటుకోడి77
మిరపకాయ ప్రస్తావన మీరే తెచ్చారు కాబట్టి మళ్ళీ అడుగుతున్నాను. రెండు ఎండు మిరపకాయలు, చిటికెడు పసుపు, పది మిరియాలు వేస్తే నేరమా?

అల్లంమురబ్బా
నేరం కాదు, దాని పేరు కోడి మిరియాల చారు. చాలా మంచి వంటకం. వేరే చర్చ మొదలుపెట్టండి, నేనే మొదట వస్తాను.

ఓహూ_కోడలు
పసుపు విషయంలో నాటుకోడి77 గారికి ఒక ఊరట ఉంది. ఒలేనా అనే పేరుతో పసుపు కూడా పాలినీషియన్ల పడవల్లోనే హవాయికి వచ్చింది, దాన్ని అద్దకానికీ మందుకూ వాడేవారు. అయితే లాంగ్ రైస్‌లో వేయడం నేను చూడలేదు. కారం కావాలనుకున్న వారికి చిన్న మిరపకాయలు, ఉప్పు, వెల్లుల్లి నీటిలో ఊరబెట్టిన సీసా బల్ల మీదే ఉంటుంది. ఎవరి గిన్నెలో వారు చుక్కలు వేసుకుంటారు. కుండలో కలపరు.

నాటుకోడి77
సీసా ఉందని మొదటే చెబితే ఇంత వాదన ఉండేది కాదు.

రాత్రిషిఫ్టు_నర్సు
మా వార్డులో ఫిలిప్పీన్స్ సహోద్యోగినులు ఇవే నూడుల్స్‌తో సోతాంగ్‌హోన్ అనే చికెన్ సూప్ తెస్తారు. వాళ్ళు ఉల్లి, వెల్లుల్లి వేయించే మొదలుపెడతారు, రంగుకు జాఫ్రా గింజలు వాడతారు. కాబట్టి తొలకరి_చినుకు గారు తెలియకుండానే సగం సోతాంగ్‌హోన్ చేస్తున్నారు, అది తప్పు వంట కాదు, పక్కింటి వంట.

జబ్బు చేసినవారికి ఈ సూప్ మంచిదా అని ఎవరైనా అడిగేలోగా చెబుతాను. అమెరికాలోని నెబ్రాస్కాకు చెందిన స్టీఫెన్ రెనార్డ్ బృందం 2000లో చెస్ట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఇంట్లో చేసిన చికెన్ సూప్ న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల కదలికను కొంత నెమ్మదింపజేస్తుందని అందులో చూపారు. అది ప్రయోగశాల గాజు పాత్రలో జరిగిన పరీక్ష, రోగుల మీద కాదు. వేడి ఆవిరి, ఉప్పు, నీరు ఒంటికి అందడం మాత్రం నేను రోజూ చూసే మేలు. రక్తపోటు ఉన్నవారికి డబ్బాలో వచ్చే చికెన్ రసం వాడకండి, అందులో ఉప్పు చాలా ఎక్కువ. ఇంకొక మాట: మిగిలిన సూప్‌ను రెండు గంటలలోపే ఫ్రిజ్‌లో పెట్టాలి, పొయ్యి మీదే వదిలేసి పడుకోకూడదు.

బెజవాడ_బ్యాచిలర్
నాకు ఆ నూడుల్స్ ఇక్కడి దుకాణాల్లో దొరకలేదు. సేమ్యాతో చేయవచ్చా? నాటుకోడితో చేయవచ్చా? కుక్కర్ వాడవచ్చా?

పాతబియ్యం
మూడు ప్రశ్నల్లో మొదటిదానికి మాత్రమే వద్దంటాను. సేమ్యా గోధుమది, రసం మబ్బుగా మారుతుంది, ఆ జారుడుదనం రాదు. పెద్ద సూపర్ మార్కెట్లలో గ్లాస్ నూడుల్స్ అని అడిగి చూడండి. నాటుకోడి అయితే రసం ఇంకా బాగుంటుంది, కాకపోతే గంటలో మెత్తబడుతుందని ఆశపడవద్దు.

వంటింటి_రసాయనం
కుక్కర్ నిక్షేపంగా వాడవచ్చు. రసం మబ్బుగా మారేది గట్టిగా తెర్లి కొవ్వు నీటిలో చిన్న చిన్న బిందువులుగా చెదిరిపోయినప్పుడు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల లోపల నీరు అంతగా తెర్లదు కాబట్టి రసం తేటగానే వస్తుంది. కానీ తొందరపడి విజిల్ ఎత్తి ఆవిరి వదిలితే లోపలి నీరంతా ఒక్కసారిగా పొంగుతుంది, అప్పటి వరకు కాపాడుకున్న తేటదనం ఆ ఒక్క నిమిషంలో పోతుంది. దానంతట అది చల్లబడనివ్వండి.

బెజవాడ_బ్యాచిలర్
ఇన్నాళ్ళూ గరిటెతో విజిల్ ఎత్తి ఆవిరి వదలడమే వంటలో నా ఏకైక నైపుణ్యం అనుకున్నాను.

ఓహూ_కోడలు
గట్టి కోడి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడి వేళాకోళం ఒకటి. కవాయి ద్వీపంలో అడవి కోళ్ళు రోడ్ల మీద, దుకాణాల ముందు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని ఎలా వండాలని అడిగితే, కుండలో ఒక నల్ల రాయిని కూడా వేసి ఉడికించమని, రాయి మెత్తబడ్డాక కోడిని పారేసి రాయిని తినమని చెబుతారు.

బందరు_లడ్డు
ఉప్పు ప్రత్యేకమైనదే వాడాలా? ఎర్ర మట్టి కలిపిన హవాయి ఉప్పు ఒకటి ఆన్‌లైన్‌లో చాలా ఖరీదుకు అమ్ముతున్నారు.

ఓహూ_కోడలు
అవసరం లేదు, మన కల్లుప్పు చక్కగా సరిపోతుంది. కవాయిలోని హనపేపే ఉప్పుమడుల్లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా చేసే ఉప్పును సంప్రదాయం ప్రకారం అమ్మరు, ఇస్తారు, అంతే. మా ఇంట్లో అలా వచ్చిన చిన్న పొట్లం ఒకటి ఉంది. దాన్ని సూప్‌లో కరిగించడానికి మనసు రాక, ఉడికించిన చేమదుంప మీద చిటికెడు చల్లుకుంటాను. ఉప్పును మాత్రం చివరలోనే సరిచూడండి, ఎందుకంటే నూడుల్స్‌కు సొంత రుచి లేదు, అవి రసాన్ని పీల్చగానే ముందు సరిపోయిందనిపించిన ఉప్పు చప్పబడుతుంది. రుచి రాలేదన్న ఫిర్యాదులో సగం ఇదేనని నా అనుమానం.

తొలకరి_చినుకు
శనివారం మళ్ళీ చేశాను, ఫలితం చెప్పడానికి వచ్చాను. తొడ ముక్కలు కిలో, నీళ్ళు రెండు లీటర్లు, చితికిన అల్లం, వెల్లుల్లి, కల్లుప్పు, అంతే వేశాను. ముప్పావు గంట దాటాక వంటింట్లోకి వచ్చిన మా వారు, ఇంకా మూత తీయకముందే, ఆ సీసా వాసన వస్తోందన్నారు. ఉల్లికాడ గారి లెక్క ప్రకారం నూడుల్స్ వంద గ్రాములే నానబెట్టి, కత్తిరించి, వడ్డించే ముందు వేశాను. గరిటెలోంచి జారి పళ్ళెం చుట్టూ పడ్డాయి గానీ ముద్ద కాలేదు. ఉప్పు నిజంగానే నూడుల్స్ వేశాక తగ్గింది, ఇంకో అర చెంచా వేయవలసి వచ్చింది. మిగిలిన రసాన్ని నూడుల్స్ కలపకుండా విడిగా దాచాను. మా వారు రెండో గిన్నెలో ఆవకాయ ఊట కలుపుకున్నారు, ఆ సంగతి నా సహోద్యోగినికి చెప్పను.

నాటుకోడి77
ఆయన ఈ వేదికలో సభ్యులేనా? కాకపోతే చేర్పించండి.

తొలకరి_చినుకు
ఒక చివరి ప్రశ్న. పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దాయనకు జలుబు చేసింది, రేపు ఉదయం ఒక సీసా రసం ఇద్దామనుకుంటున్నాను. నూడుల్స్ అందులోనే వేసి ఇవ్వాలా, విడిగా ఇవ్వాలా?

ఓహూ_కోడలు
ఇచ్చిన వెంటనే తాగుతారంటే అందులోనే వేయండి. మధ్యాహ్నానికి దాచుకునే మనిషైతే నానబెట్టి కత్తిరించిన నూడుల్స్ విడిగా డబ్బాలో ఇచ్చి, రసం తెర్లాక వేసుకోమని మూత మీద చీటీ అంటించండి.

పాతబియ్యం
చీటీలో అక్షరాలు పెద్దవిగా రాయండి. జలుబు చేసినవారు కళ్ళద్దాలు వెతుక్కోరు.